చెరువు పద్దు, శిస్తు పద్దు: అనంతపురం జిల్లాలో స్థానిక పాలన

సభాధ్యక్షులకు, పెద్దలకు, పల్లెల నుంచి వచ్చిన సర్పంచులకు, వార్డు సభ్యులకు, విద్యార్థులకు నమస్కారం.

ఈ జిల్లా చరిత్ర అనగానే పెనుకొండ కోట దగ్గరో గుత్తి కోట దగ్గరో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను ఈరోజు చెరువు కట్ట మీద మొదలుపెడతాను. ఎందుకంటే పాలన అనే మాటకు ఈ నేలలో అన్నింటికన్నా పాత అర్థం అక్కడే దొరుకుతుంది. కట్ట ఎవరు వేయాలి, తూము ఎవరు తీయాలి, చెరువు నిండి మరువ దూకినప్పుడు రాత్రి ఎవరు కాపలా ఉండాలి, నీళ్లు సగమే చేరిన ఏడాది ఎవరి మడి తడవాలి, ఎవరిది ఎండాలి అనే ప్రశ్నలకు ఊరు చెప్పుకున్న జవాబులే ఇక్కడి తొలి స్థానిక ప్రభుత్వం. ఆ జవాబులు చెప్పే అధికారం ఊరి నుంచి ఎప్పుడు, ఎలా వెళ్లిపోయింది, తర్వాత వచ్చిన బోర్డులు, సమితులు, పరిషత్తులు దాన్ని ఎందుకు తిరిగి తేలేకపోయాయి అన్నదే నా ప్రసంగ విషయం.

అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి, ఈశాన్య రుతుపవనాలు తూర్పు కోస్తాను తడిపి ఇక్కడికి చేరేసరికి బలహీనపడతాయి. ఇటువంటి చోట పెన్నకు, చిత్రావతికి, పండమేరుకు వచ్చే వరదను రెండు మూడు రోజుల్లో పట్టి నిలుపుకోకపోతే మిగిలిన ఏడాదికి ఏమీ ఉండదు. అందుకే ఇక్కడ ఊరి పేర్ల వెనక సముద్రాలున్నాయి. బుక్కరాయసముద్రం పేరులోని సముద్రం చెరువే, బుక్కపట్నం చెరువు, ధర్మవరం చెరువు ఇప్పటికీ ఆ ఊళ్లకు గుర్తులు.

పక్క జిల్లాలోని పోరుమామిళ్ల శాసనం మీలో చాలామంది వినే ఉంటారు. 1369లో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి వేయించిన శాసనం అది. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ల పాటు పనిచేశారని అందులో చెక్కారు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను కూడా అందులోనే చెప్పారు. కట్టించడం రాజు ఘనత కావచ్చు, నిలబెట్టడం మాత్రం ఊరి పని. దాని కోసం ఏర్పడినదే దశబంధం. చెరువు తవ్వించినవారికి గాని, దాని బాగోగులు చూసేవారికి గాని ఆ చెరువు కింది భూమిలోనో పంటలోనో ఒక భాగాన్ని ఇనాముగా విడిచిపెట్టడమే దశబంధం. పేరులో పదో వంతు ఉన్నా భాగం ఊరూరికీ మారేది. చెరువు నిండితేనే ఆ ఇనాము పండుతుంది కాబట్టి, పూడిక తీయించడం, గండి పూడ్చడం ఇనాముదారుకు సొంత పనే అయ్యేవి. ఇంత సూటిగా బాధ్యతను ఫలితంతో ముడిపెట్టిన ఏర్పాటు తర్వాతి చట్టాల్లో నాకు కనపడలేదు.

దానికి తోడు పన్నిద్దరు ఆయగాండ్రు. ఊరి పెద్ద అయిన రెడ్డి, లెక్కలు రాసే కరణం, తలారి, నీరుగంటి, వెట్టి, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి ఇలా ఊరి పనులు చేసేవారికి కళ్లంలోనే గింజల రూపంలో మేర కొలిచేవారు. జాబితా ఊరిని బట్టి కొంచెం మారేది, పద్ధతి మాత్రం ఒకటే. ఈ వ్యవస్థను నేను ఆదర్శంగా మీ ముందు పెట్టడం లేదు. నీరుగంటి పని చేసినవారిలో చాలామంది దళితులు. అందరి పొలాలకూ నీళ్లు పంచిన ఆ మనిషికి రచ్చకట్ట మీద సమానంగా కూర్చునే చోటు లేదు. వెట్టి పేరులోనే ఉంది దాని స్వభావం. ఈ అన్యాయాన్ని పక్కన పెట్టి పాత ఊరిని పొగిడితే అది చరిత్ర కాదు. కానీ ఒక విషయాన్ని మాత్రం గుర్తించాలి. భూమి లెక్క, నీటి లెక్క, ఊరి ఉద్యోగుల జీతం లెక్క, ఈ మూడూ అప్పుడు ఒకే కవిలెలో, అంటే ఒకే లెక్కల పుస్తకంలో, ఒకే చోట ఉండేవి.

ఇక 1800కు వద్దాం. టిప్పు సుల్తాను మీద జరిగిన యుద్ధాల్లో తనకు దక్కిన ఈ సీమను, తన రక్షణకు ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద నిజాం ఆ ఏడాది అక్టోబరులో ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టాడు. ఆనాటి నుంచి మనది దత్త మండలం. ఇంకొకరి బాకీ తీర్చడానికి ఇచ్చిన సీమ అనే ఈ పేరును 1928 దాకా మోశాం. ఆ ఏడాది నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అనే మాటతో ఆ భారం దిగింది.

దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో మొదట అనంతపురాన్నే కేంద్రం చేసుకున్నాడు. అతని చేతికి వచ్చిన సీమలో 80 మంది పాలెగాళ్లు, వారి వెనక ముప్పై వేల దాకా సాయుధులైన కట్టుబడి బంట్లు ఉండేవారని అప్పటి రికార్డులు చెబుతున్నాయి. మన్రో వారి బలాన్ని కూల్చి, కొందరికి పింఛను ఇచ్చి, శిస్తు వసూలును నేరుగా తన కచేరీ కిందికి తెచ్చుకున్నాడు. తర్వాత భూమిని కొలిపించడం మొదలుపెట్టాడు. 1802లో పైమాయిషి, అంటే ఆ భూమి కొలత, మొదలైనప్పుడు కొలత పని తెలిసిన గుమాస్తాలు అతనికి దొరికింది నలుగురే. ఆ నలుగురు నేర్పగా మరికొందరు, వారి వెనక ఇంకొందరు తయారై, 33 అడుగుల గొలుసుతో పొలం వెంట పొలం కొలుచుకుంటూ పోయారు. మన ఊళ్లలో పొలానికి నంబరు, నంబరుకు తరగతి, తరగతికి శిస్తు అనే వరస అప్పుడు మొదలైంది.

మన్రోను ఈ జిల్లాలో దేవుడిలా తలచుకునేవారున్నారు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మరణించిన అతన్ని గుత్తి కోట పాదంలోనే మొదట పూడ్చారు, తర్వాత మద్రాసుకు తరలించారు. తమ పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవారు ఉండేవారని పెద్దలు చెప్పగా విన్నాను. అతని మీద నాకూ గౌరవముంది, దానికి కారణం చెబుతాను. తాను వేసిన శిస్తు ఎక్కువని తానే ఒప్పుకున్న అధికారి అతను. పండినదానిలో ఇంచుమించు 45 శాతం సర్కారుకు పోతోందని లెక్క తేల్చి, 1807 ఆగస్టులో అన్ని భూముల మీదా 25 శాతం తగ్గించమని, బావులను సొంత ఖర్చుతో బాగుచేసుకునే రైతులకు మరో 8 శాతం తగ్గించమని మద్రాసు రెవెన్యూ బోర్డుకు రాశాడు. నీటి వనరును కాపాడేవాడికి శిస్తులో మినహాయింపు అన్న ఆ ఆలోచన దశబంధానికి దగ్గరి చుట్టమే.

బోర్డు ఆ మాట వినలేదు. మన్రో వెళ్లిపోయాక 1808లో దత్త మండలాన్ని బళ్లారి, కడప జిల్లాలుగా విడదీశారు. ఒక్కో రైతుతో సర్కారు నేరుగా శిస్తు తేల్చుకునే రైతువారీని పక్కన పెట్టి ఊరి మొత్తాన్ని ముందు మూడేళ్లకు, ఆ తర్వాత పదేళ్లకు గుత్తకిచ్చారు. వానలు లేని సీమలో పదేళ్ల గుత్త అంటే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. గుత్త పట్టిన రెడ్లు బాకీలు పడ్డారు, కొందరు జైలుకు పోయారు, ఊళ్లు దెబ్బతిన్నాయి. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చాకే రైతువారీ మళ్లీ నిలబడింది, అతను అడిగిన 25 శాతం తగ్గింపూ అమలైంది.

రైతువారీ రైతుకు ఏమిచ్చిందో ముందు చెప్పాలి. పట్టా ఇచ్చింది. జమీందారు లేకుండా సర్కారుతో నేరుగా లెక్క తేల్చుకునే అవకాశమిచ్చింది. ఏటా శిస్తు లెక్కలు తేల్చే జమాబందీలో తన ఖాతా చూసుకుని, వద్దనుకున్న పొలాన్ని వదులుకునే వీలునూ ఇచ్చింది. ఉత్తర సర్కారుల్లో జమీందారీల కింద నలిగిన రైతుతో పోలిస్తే ఇది తక్కువేమీ కాదు. అయితే సర్కారుకూ రైతుకూ మధ్య సూటిగా గీసిన ఆ గీత మధ్యలో ఉన్న ఊరిని దాటి పోయింది. ప్రతి పొలానికీ ఒక యజమాని దొరికాడు, చెరువుకు మాత్రం యజమాని సర్కారే అయింది. రెడ్డి, కరణం ఊరి మనుషులుగా ఉంటూనే తహశీల్దారు ఉద్యోగులయ్యారు. మేర గింజల చోట సర్కారు జీతం వచ్చింది. చెరువు మరమ్మతుకు ఊరు కూడి చేసే పనిని కుడిమరామత్తు అనేవారు. దాన్ని 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి తప్పనిసరి చేయవలసి వచ్చింది. ఊరు తానుగా చేస్తున్నంత కాలం ఏ పనికీ చట్టం అక్కరలేదు కదా.

ఆ బలహీనత ఎంత లోతుగా ఉందో 1876–78 ధాత కరువు చూపించింది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి మన పెద్దలు దాన్ని అలా పిలుచుకున్నారు. 1871 జనగణనకూ 1881 జనగణనకూ మధ్య ఇప్పటి అనంతపురం ప్రాంతంలో జనాభా దాదాపు ఐదో వంతు తగ్గింది. ఐదుగురిలో ఒకరు లేకుండా పోయారు. ఆ కరువు తర్వాతే, 1883లో, చెరువుల పునరుద్ధరణ పథకమంటూ సర్కారు ఇంజనీర్లను ఊళ్ల మీదికి పంపి, ఏ చెరువుకు ఎంత కట్ట, ఎంత తూము, ఎంత మరువ ఉండాలో రాయించింది. ఆ కొలతలు మంచివే. వాటిని రాసుకున్న పుస్తకం మాత్రం ఊరిలో మిగలలేదు.

1882 ఈ జిల్లాకు పుట్టిన సంవత్సరం. బళ్లారి నుంచి గుత్తి, తాడిపత్రి, అనంతపురం, ధర్మవరం, పెనుకొండ, మడకశిర, హిందూపురం వంటి తాలూకాలను విడదీసి అనంతపురం జిల్లా చేశారు. 1910లో కడప నుంచి కదిరి, 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి నుంచి రాయదుర్గం వచ్చి కలిశాయి. జిల్లా పుట్టిన ఆ సంవత్సరంలోనే మే 18న వైస్రాయి రిప్పన్ స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. ఆ ఏడాదే మద్రాసు అటవీ చట్టమూ వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒక కాగితం మీ ఊరి పనులు మీరే చూసుకోండి అంటోంది. రెండో కాగితం కింద ఊరి గొర్రెలు మేసే గుట్ట, ఊరి కాడికి, మేడికి కర్ర ఇచ్చే అడవి రిజర్వు అయ్యాయి. గుత్తి నుంచి 1885లో కాంగ్రెసు తొలి మహాసభకు వెళ్లిన కేశవపిళ్ళె తర్వాత మద్రాసు శాసనమండలిలో అటవీ శాఖ కింద రైతులు పడే ఇబ్బందుల గురించి పట్టుబట్టి మాట్లాడడానికి కారణం ఇదే. ఈ జిల్లా రాజకీయ చైతన్యం పుట్టింది మేతభూమి దగ్గర అని నా నమ్మకం.

రిప్పన్ తీర్మానాన్ని అనుసరించి 1884లో మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చింది. జిల్లాకు జిల్లా బోర్డు, తాలూకాకు తాలూకా బోర్డు, పెద్ద ఊళ్లకు యూనియన్లు. వాటి ప్రధాన ఆదాయం భూమి శిస్తు మీద రూపాయికి ఒక అణా చొప్పున వేసే సెస్సు. పనులేమిటంటే రోడ్లు, బడులు, ఆసుపత్రులు, టీకాలు, సత్రాలు, సంతలు. చాలాకాలం జిల్లా బోర్డుకు కలెక్టరే అధ్యక్షుడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగమని కోరుతున్నాను, ఎందుకంటే నేను చెప్పదలచినదంతా ఈ ఏర్పాటులోనే ఉంది. శిస్తు రూపాయిని నిర్ణయించేది, తగ్గించేది, మాఫీ చేసేది కలెక్టరు, తహశీల్దారు, కరణం అనే రెవెన్యూ వరస. ఆ రూపాయి మీద అణా తెచ్చుకుని రోడ్డు వేసేది బోర్డు వరస. కరువు వచ్చి శిస్తు మాఫీ అయితే బోర్డు ఆదాయమూ పడిపోతుంది. జనానికి పని, వైద్యం అన్నింటికన్నా ఎక్కువ అవసరమైన ఏడాదే బోర్డు చేతిలో డబ్బు తగ్గేది. చెరువు బాగుచేసి పంట పెంచితే ఆదాయం పెరుగుతుంది, కాని చెరువు బోర్డు చేతిలో లేదు.

1920 చట్టాలతో ఎన్నికలు విస్తరించాయి, అధికారుల బదులు ప్రజల మనుషులు అధ్యక్షులయ్యారు, గ్రామ పంచాయతీలకు వేరే చట్టం వచ్చింది. తాలూకా బోర్డులు మాత్రం డబ్బు లేక నీరసించి, 1934లో రద్దయ్యాయి. ఈ యాభై ఏళ్లలో బోర్డులు నడిపిన బడుల్లో చదివినవారే స్వాతంత్ర్య పోరాటంలోకి, తర్వాత శాసనసభల్లోకి వెళ్లారు. ఆ సేవను తక్కువ చేయను. అయినా రెండు వరసలు కలవలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక కలిసే అవకాశం ఒకటి వచ్చింది. గ్రామం, సమితి, జిల్లా అని మూడంచెల పంచాయతీ పాలన పెట్టమని బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో నివేదిక ఇచ్చింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి ఈ జిల్లాలోని ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం చేసి, రాజస్థాన్ తర్వాత వెంటనే ఈ పద్ధతిలోకి వచ్చిన రాష్ట్రంగా మన రాష్ట్రాన్ని నిలబెట్టారు. ఆ అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా షాద్‌నగర్‌లో నెహ్రూ దాన్ని ప్రారంభించారు. సమితి అధ్యక్షుడు అంటే అప్పటి పల్లెల్లో ఎంత పలుకుబడో నేను చిన్నతనంలో కళ్లారా చూశాను. విత్తనాలు, ఎరువులు, బడి గదులు, మంచినీటి బావులు, చిన్న చెరువుల మరమ్మతులు అన్నీ సమితి నుంచే వచ్చేవి. నూరెకరాల లోపు ఆయకట్టు ఉన్న చెరువులు పంచాయతీరాజ్ కిందికి వచ్చాయి. నూట యాభై ఏళ్లలో చెరువుకూ స్థానిక సంస్థకూ ఏర్పడిన మొదటి చుట్టరికం అది. కాని జిల్లా పరిషత్తు స్థాయీ సంఘాలకు అధ్యక్షుడు కలెక్టరే. కరణం పుస్తకాలు తహశీల్దారు కచేరీకే జవాబుదారీ. చెరువు చిన్నదైతే సమితిది, పెద్దదైతే నీటిపారుదల శాఖది, దాని శిఖం, అంటే నీళ్లు నిలిచే భూమి, రెవెన్యూది.

మా తాతగారు, నాన్నగారు కరణీకం చేసినవారు. కాబట్టి తర్వాతి ఘట్టాన్ని నేను ఇంట్లోంచి చూశాను. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవులను రద్దు చేసింది. వంశపారంపర్యంగా ఒక కులం, ఒక ఇల్లు ఊరి లెక్కలను గుప్పిట్లో పెట్టుకోవడం పోవలసిందే. మా ఇంట్లో కోపం, దుఃఖం రెండూ చూశాను, అయినా ఆ నిర్ణయం న్యాయమైనదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. బాధ కలిగించింది వేరే విషయం. మా నాన్నగారు పుస్తకాలన్నీ కట్టగట్టి కచేరీలో అప్పగించి రశీదు తెచ్చుకున్నారు. పంట, శిస్తు లెక్కలు రాసే అడంగళ్లు, చిట్ఠాలు పోయాయి సరే, ఏ వంక నుంచి ఏ చెరువుకు నీళ్లు రావాలి, ఏ తూము కింద ఎవరి వంతు ముందు అని తరాలుగా రాసుకున్న కాగితాలు కూడా అదే కట్టలో పోయాయి. వాటిని పంచాయతీకి అప్పగించమని ఎవరూ అడగలేదు, పంచాయతీకి అవి కావాలని కూడా ఎవరికీ తోచలేదు.

మరుసటి ఏడాది మండలాలు వచ్చాయి. తాలూకాల చోట ఈ జిల్లాకు 63 మండలాలు. కచేరీ దగ్గరైంది, పేదవాడికి ఒక పూట ప్రయాణం తగ్గింది. 1986 చట్టంతో మండల ప్రజా పరిషత్తులు ఏర్పడి, 1987లో అధ్యక్షులను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాన్ని అనుసరించి 1994లో మన పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. పదకొండో షెడ్యూలులోని 29 అంశాలను సర్పంచులందరూ ఒకసారి తెరిచి చూడాలని నా కోరిక. రెండోది భూమి అభివృద్ధి, భూసంస్కరణల అమలు, భూసార రక్షణ. మూడోది చిన్ననీటి పారుదల, నీటి యాజమాన్యం, వాటర్‌షెడ్ అభివృద్ధి. నేను ఇంతసేపూ చెప్పిన భూమి, నీరు అక్కడ రెండు, మూడు స్థానాల్లో ఉన్నాయి. అంశాలు రాజ్యాంగంలోకి ఎక్కాయి. నిధులు, సిబ్బంది, రికార్డులు మాత్రం శాఖల దగ్గరే మిగిలాయి. 1997లో సాగునీటి వ్యవస్థలను రైతులే నిర్వహించుకోవాలని ఇంకో చట్టం వచ్చి, నీటి వినియోగదారుల సంఘాలు పెట్టింది. ఉద్దేశం మంచిదే, కాని ఊళ్లో పంచాయతీ ఉండగా చెరువుకు వేరే ఎన్నిక, వేరే అధ్యక్షుడు, వేరే ఖాతా ఏర్పడ్డాయి.

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించినది ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ధాత కరువులో గంజి కేంద్రాల ముందు నిలబడినవారి మునిమనవలకు పని హక్కుగా దక్కింది. ఆ చట్టం పనుల విలువలో కనీసం సగం గ్రామ పంచాయతీ ద్వారానే జరగాలంది, పనులను గ్రామసభ నిర్ణయించాలంది. చెరువుల పూడికతీత, వంకల మీద చెక్‌డ్యాములు, పొలం కుంటలు ఈ పథకం కింద విరివిగా జరిగాయి. పనిని గ్రామసభ మనసుపెట్టి ఎంచుకున్న ఊళ్లలో వాటి ఫలితం బావుల్లో కనపడింది. ఎక్కడో తయారైన జాబితా మీద సంతకాలు మాత్రం పెట్టించిన ఊళ్లలో, నీళ్లు రాని చోట గుంతలు మిగిలాయి.

2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. సర్వేయరు, వ్యవసాయ సహాయకుడు, ఇంజనీరింగ్ సహాయకుడు ఊళ్లోకే వచ్చి కూర్చున్నారు. 1802లో మన్రోకు సీమ మొత్తానికి నలుగురు గుమాస్తాలు దొరికారని చెప్పాను, 2019లో సచివాలయానికొక సర్వేయరు వచ్చాడు. అయితే వారు జవాబు చెప్పవలసింది తమ తమ శాఖలకే. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండు చేసి, అనంతపురానికి 31 మండలాలు, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లాకు 32 మండలాలు పంచారు. రెవెన్యూ జిల్లా రెండయినా అప్పుడు జిల్లా పరిషత్తు ఒకటిగానే ఉండిపోయింది. 1884లో విడిపోయిన రెండు వరసల హద్దులు కూడా కలవకుండా పోవడం అక్కడ మ్యాపు మీదే కనపడుతుంది.

ఇక్కడున్న సర్పంచులను ఒక పని చేయమని అడిగి ముగిస్తాను. మీ ఊరి చెరువు సర్వే నంబరు, దాని శిఖం విస్తీర్ణం, కట్ట, మరువ, చెరువులోకి వచ్చే వంకల పోరంబోకు నంబర్లు తహశీల్దారు కార్యాలయంలో సర్వే నంబర్ల వారీగా భూముల వివరాలుండే ఆర్.ఎస్.ఆర్. అనే రిజిస్టరులో, గ్రామ పటంలో ఉంటాయి. దరఖాస్తు పెట్టి వాటి నకళ్లు తీసుకోండి. వచ్చే గ్రామసభలో ఆ నంబర్లను విస్తీర్ణాలతో సహా పైకి చదివించండి. చదివిన తర్వాత సర్వేయరును వెంటబెట్టుకుని, ఊళ్లో నీరుగంటి పని చేసిన కుటుంబాల పెద్దలు ఎవరైనా ఉంటే వారిని ముందు నడిపించుకుని, వంక పుట్టిన చోటు నుంచి తూము దాకా ఒకసారి నడవండి. ఎక్కడ వంక పూడిపోయిందో, ఎక్కడ దున్నేశారో, ఎక్కడ ఇంటి పునాది పడిందో రాసుకుని, ఆ కాగితాన్ని పంచాయతీ తీర్మానాల పుస్తకంలో అతికించండి.